చౌక ల్యాప్‌టాప్ కొందామా? ముందు పని చూడండి!

వెల ఒక్కటే చూస్తే తరువాత చిక్కు

తుని: మామిడి కోతలు ముగిసి తోటల లెక్కలు తేలే రోజుల్లోనే కాలేజీలూ తెరుస్తారు. చేతిలో నాలుగు రాళ్లు ఆడే ఈ వేళ చుట్టుపక్కల గ్రామాల తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని కంప్యూటర్ దుకాణాల మెట్లెక్కుతుంటారు. ‘తక్కువలో ఏముంది?’ అన్నదే అందరి మొదటి ప్రశ్న. పదకొండున్నర అంగుళాల తెర, కిలో పైచిలుకు బరువు, చేతిసంచిలో పట్టే బుల్లి ల్యాప్‌టాప్ బల్ల మీదికి వస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఇంటికి తీసుకెళ్లాక కావలసిన పని చేసిపెడుతుందా అన్నదే ఆలోచించవలసిన సంగతి.

అరవై రోజుల కూలి

ఉపాధి హామీ పథకం కింద 2024-25లో రాష్ట్రంలో దినకూలి 300 రూపాయలు. ఆ లెక్కన 18 వేల రూపాయల యంత్రమంటే ఒక మనిషి 60 రోజుల కష్టం. పొరపాటున కొంటే తిరిగి అమ్ముకోవడమూ తేలిక కాదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ సరుకుకు అతికినట్టు సరిపోతుంది. అందువల్ల కొనదలచినవారు ముందే నాలుగు విషయాలు తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

వీరికి చాలు

ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసుకోవడం, మార్కుల జాబితాలు తయారు చేయడం, ఇంటర్నెట్‌లో పాఠాలు వినడం, దుకాణం జమాఖర్చులు పట్టికగా రాసుకోవడం వంటి పనులకు 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న యంత్రం సరిపోతుంది. ఒకేసారి పది పనులు తెరవకుంటే చాలు. తెలుగు టైపు చేయడానికి కీబోర్డు విండోస్‌లోనే ఉంటుంది, ప్రత్యేకంగా కొననక్కరలేదు. కరెంటు పోయినా బ్యాటరీ మీద కొన్ని గంటలు నడవడం పల్లెల్లో పెద్ద సౌకర్యమే.

వీరికి చాలదు

ర్యామ్ అంటే పని పరుచుకునే బల్ల. స్టోరేజీ అంటే సామాను దాచే బీరువా. విండోస్ 11 నడవాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ నిబంధన. చౌక రకాల్లో చాలావాటికి ఉండేది సరిగ్గా అంతే. బీరువాలో సగం దాకా విండోసే ఆక్రమిస్తే మన సామానుకు మిగిలేది ఎంత? పైగా వీటిలో తరచు వాడే ఈఎంఎంసీ రకం స్టోరేజీ, ఎస్‌ఎస్‌డీ కన్నా నెమ్మది. దాన్ని బోర్డుకే అతికించి ఉంచుతారు కనుక తరువాత మార్చుకునే వీలుండదు.

సివిల్, మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు వాడే ఆటోకాడ్ కొత్త రూపాలకు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. నాలుగేళ్ల చదువుకని కొన్నది మొదటి ఏడాదితోనే మూలపడితే అప్పు మాత్రం మిగులుతుంది. బి.కాం. చదివే అమ్మాయికి ట్యాలీ తప్పనిసరి. అది విండోస్ యంత్రాల మీద నడిచేది. వెల తక్కువని క్రోమ్‌బుక్ కొనిస్తే అందులో ట్యాలీ నేరుగా ఎక్కదు. అను ఫాంట్లతో డీటీపీ చేసేవారిదీ ఇదే ఇబ్బంది. క్రోమ్‌బుక్‌లో పని చాలావరకు ఇంటర్నెట్ మీద ఆధారపడుతుంది కాబట్టి, ఇంట్లో సిగ్నల్ అందని ఊళ్లవారు మరీ జాగ్రత్తపడాలి.

పాత అనుభవం

ఇది కొత్త ముచ్చటేమీ కాదు. 2007లో తైవాన్‌కు చెందిన ఏసుస్ సంస్థ ఏడు అంగుళాల తెరతో ‘ఈ పీసీ’ అనే బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. నెట్‌బుక్ పేరుతో ఆ రకం ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. పెద్ద ల్యాప్‌టాప్ చేసే పనులన్నీ చేస్తుందనుకుని కొన్నవారు నిరాశ చెందారు. టాబ్లెట్లు వచ్చాక, 2013 నాటికి ఆ తరం దాదాపు కనుమరుగైంది.

వాడినది కొనవచ్చా?

అంతే డబ్బుకు ఎవరో వాడిన పెద్ద ల్యాప్‌టాప్ దొరకవచ్చు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే అది కొత్త బుల్లిదానికన్నా చురుకుగా పనిచేస్తుంది. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్న సంగతి మరువరాదు. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ రకమైతే సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైది కావాలి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో దుకాణంలోనే ప్లగ్గు తీసి చూడాలి.

క్రోమ్‌బుక్‌లలో 2021 నుంచి విడుదలైన రకాలకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ పదేళ్లను మనం కొన్న రోజు నుంచి లెక్కించరు. అందుచేత పాత నిల్వ సరుకు అంటగట్టకుండా చూసుకోవాలి.

దుకాణానికి వెళ్లేముందు

కాలేజీలో ఏయే సాఫ్ట్‌వేర్ వాడతారో అధ్యాపకులను అడిగి కాగితం మీద రాసుకోవాలి. ర్యామ్ పెంచుకునే వీలుందా, స్టోరేజీ ఏ రకం, సర్వీసు ఏ ఊళ్లో చేస్తారు అన్నవి దుకాణదారును అడగాలి. చదువుకునే పిల్లలతోనే అరగంట టైపు చేయించి, అక్షరాలు కంటికి ఆనుతున్నాయో లేదో చూడాలి. సంచి, మౌస్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా వెలలో కలిపి లెక్క వేసుకోవాలి. జీఎస్టీ బిల్లు, తేదీ వేసిన వారంటీ కాగితం చేతికి వచ్చాకనే డబ్బు చెల్లించడం మంచిది.