మీకు తెలుసా? మింగడం నేర్పేదీ స్పీచ్ థెరపిస్టే!

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ ప్రతి ముద్దకూ పొలమారుతుంటే ఎవరికి చూపించాలి? స్పీచ్ థెరపిస్టుకు. మాటలు నేర్పేవాళ్లకు తిండితో ఏం పని అనుకుంటాం. కానీ మాటకైనా ముద్దకైనా పనిచేసేవి ఆ పెదవులు, నాలుక, గొంతు కండరాలే. అన్నం ఎంత మెత్తగా కలపాలి, తాగేది ఎంత చిక్కగా ఉండాలి, తినేటప్పుడు తల ఎలా ఉంచాలి అన్నది వాళ్లు చూసి చెబుతారు.

ఆ బిడ్డకే చెంచా పట్టు దొరకడం లేదనుకోండి, అది ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. పిడి చుట్టూ గుడ్డ చుట్టి లావు చేస్తారు, చెంచా మెడ నోటివైపు వంచుతారు. అంత చిన్న మార్పుతో అమ్మ చేతి సాయం లేకుండా తినగలిగే పిల్లలున్నారు. నడుము నిలవకపోతే ఫిజియోథెరపిస్టు, కాలికి క్యాలిపర్ కావాలంటే ఆర్థోటిస్టు. కృత్రిమ కాలు అమర్చే ప్రాస్థెటిస్టు చదివేదీ ఆ ఆర్థోటిస్టు డిగ్రీనే.

చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్కటే ఓపిగ్గా నేర్పేది స్పెషల్ ఎడ్యుకేటర్. మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసేది వీళ్లే. మంచం దిగలేని పిల్లలుంటే ఇంటికే వెళ్లి చెబుతారు. ఇంత పని చేసేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉండటం అన్యాయం.

స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, ప్రాస్థెటిస్టులు ఆర్‌సీఐ అనే భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాత్రం 2021లో వచ్చిన వేరే చట్టం కిందికి వస్తారు. వీధికో థెరపీ సెంటర్ వెలుస్తున్న ఈ రోజుల్లో ఫీజు కట్టేముందు స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ లాంటివాళ్లను ఆర్‌సీఐ నంబరు అడగండి. మొహమాటం అక్కర్లేదు.

ఇంటర్ పిల్లలకు ఒక మాట. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థలో స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులున్నాయి. స్పీచ్, వినికిడి కోర్సులకు 1965లో మొదలైన మైసూరు సంస్థకు మంచి పేరుంది. అక్కడ ఆ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు.