పాటలు వ్రాసిన ఆచార్యుడు

హైదరాబాదు నగరమున తార్నాకకు చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము గలదు. దాని నడుమ 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాలా భవనము ఠీవిగా నిలిచియున్నది. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాలయమున మొదట ఉర్దూయే బోధనభాష. ఉర్దూలో చదివి అచటనే తెలుగు ఆచార్యులై, మూడు వేలకు పైగా సినిమా పాటలు వ్రాసిన కవి సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు. తెలుగువారు వారిని ‘సినారె’ యని ప్రీతితో పిలుతురు.

వారు 1931 జూలై 29వ తేదీన హనుమాజీపేట గ్రామమున ఒక రైతు కుటుంబములో జన్మించిరి. ఆ గ్రామము నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో నున్నది. అది నిజాము పాలనాకాలము. బడిలో చదువంతయు ఉర్దూలోనే సాగెడిది. కాని బడిలో కొరవడిన తెలుగు ఊరిలో పుష్కలముగా లభించెను. హరికథలు, జంగము కథలు, జానపద గేయములు ఆ బాలుని చెవులలో మారుమ్రోగెడివి. ఆ విధముగా వారికి తెలుగు కంటికన్న ముందు చెవికి పరిచయమయ్యెను.

పై చదువులకు హైదరాబాదు చేరిన పిదప వారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున తెలుగు గ్రంథములను ఆసక్తితో చదివిరి. బి. ఏ. వరకు ఉర్దూలో చదివి, ఉస్మానియాలో తెలుగు ఎం. ఏ. పూర్తిచేసిరి. ఆధునికాంధ్ర కవిత్వముపై పరిశోధించి డాక్టరు పట్టము పొందిరి.

1962లో విడుదలయిన ‘గులేబకావళి కథ’తో వారు సినీగేయకర్తలైరి. సినిమా పాట వ్రాయుట సులభమైన పని కాదు. పద్యము వ్రాయు కవి ఛందస్సును తానే యెన్నుకొనును. సినీకవికి మాత్రము పలుమార్లు బాణీ ముందుగానే సిద్ధమై యుండును. రాగము సాగినచోట దీర్ఘమైన అక్షరము, తునిగినచోట పొట్టి అక్షరము కుదురవలెను. పాడునది రాజకుమారియైనను రైతుబిడ్డయైనను మాటలు ఆ పాత్రకు తగవలెను. సన్నివేశము చెడరాదు, భావము తరుగరాదు. ఇన్ని కట్టుబాట్ల నడుమ వారికి చేయూతయైనది బాల్యమున పాటలు విని పదునెక్కిన చెవియే.

బడిలో నేర్చిన ఉర్దూ కూడ వ్యర్థము కాలేదు. ఉర్దూ కవులకు ప్రియమైన గజలు ప్రక్రియను వారు తెలుగున చేపట్టి, స్వయముగా పాడి జనులను అలరించిరి. వారి ‘విశ్వంభర’ కావ్యము 1980లో వెలువడెను. 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించెను. తెలుగులో విశ్వనాథ సత్యనారాయణగారి తరువాత ఆ గౌరవము నందిన రెండవవారు వీరే. 2017 జూన్ 12వ తేదీన వారు పరమపదించిరి.

మాతృభాష బడిలో దొరకలేదని సినారె దానిని విడువలేదు. బడిలో నేర్చిన పరభాషను ద్వేషింపలేదు. రెండింటిని ప్రేమించినందుననే వారి పాట అంత సంపన్నమయ్యెను.