హక్కు నుంచి అర్హతకు: అమెరికా సంక్షేమ సంస్కరణ

‘అర్హత’, ‘హక్కు’ అన్న మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాం. వాటి మధ్య ఎంత దూరం ఉందో అమెరికా సంక్షేమ చట్టాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1935 నాటి సామాజిక భద్రతా చట్టం పేద పిల్లలకు నగదు సహాయం ఏర్పరచింది. నిబంధనలు చాలావరకు రాష్ట్రాలవే. తల్లికి ఒక పురుషుడితో సంబంధం ఉందన్న కారణంతో అలబామా పిల్లల సహాయాన్ని నిలిపివేసేది. 1968లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొట్టివేసింది. అర్హులైతే సహాయం ఇచ్చి తీరాలన్నది ఆనాటి సూత్రం.

1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకం చేసిన చట్టం ఆ సూత్రాన్నే తొలగించింది. కొత్త పథకం పేరులోనే ‘తాత్కాలిక’ అన్న విశేషణం చేరింది. కేంద్ర నిధులతో ఇచ్చే సహాయానికి 60 నెలల జీవితకాల పరిమితి వచ్చింది. రాష్ట్రాలు దాన్ని ఇంకా కుదించుకోవచ్చు. చర్చంతా ఈ గడువు చుట్టూనే తిరిగింది గాని, అసలు మార్పు నిధుల పద్ధతిలో ఉంది. పూర్వం లబ్ధిదారులు పెరిగితే కేంద్ర వాటా కూడా పెరిగేది. ఇప్పుడు రాష్ట్రాలన్నిటికీ కలిపి ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్లు; ధరలు పెరిగినా ఆ మొత్తం పెరగదు. పైగా అది నగదు సహాయానికే ఖర్చు కావాలన్న నియమం లేదు. కొన్ని రాష్ట్రాలు అందులోంచి కళాశాల విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇచ్చాయి.