ముప్పై బాత్‌ల వైద్యం

2001 జనవరిలో థాయ్‌లాండ్‌లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. టెలికాం వ్యాపారంలో కోట్లు గడించి రాజకీయాల్లోకి దిగిన తక్సిన్ షినవత్ర పార్టీ ‘థాయ్ రక్ థాయ్’ ఊరూరా ఒకే మాట చాటింది. ముప్పై బాత్‌లు ఇవ్వండి, ఏ జబ్బుకైనా వైద్యం చేయిస్తాం అంది. అప్పటి మారకం ప్రకారం బాత్ విలువ మన రూపాయికి కాస్త అటూ ఇటూ. అంటే ముప్పై రూపాయలకు జ్వరం బిళ్ల నుంచి గుండె ఆపరేషన్ దాకా! 1983లో కిలో రెండు రూపాయల బియ్యం చూసిన తెలుగువాళ్లకు ఇలాంటి వాగ్దానం వింతేమీ కాదు. థాయ్‌లాండ్‌లో మాత్రం ఆర్థిక విషయాలు తెలిసినవాళ్లు చాలామంది పెదవి విరిచారు. అనుమానించడానికి కారణమూ ఉంది. 1997 జూలైలో బాత్ కుప్పకూలింది. ఐఎంఎఫ్ దగ్గర అప్పు తేవాల్సి వచ్చింది. తలసరి ఆదాయం ఏడాదికి రెండు వేల డాలర్ల లోపే. అలాంటి దేశం అందరికీ వైద్యం ఎక్కడి నుంచి తెస్తుంది?

తెచ్చింది. తక్సిన్ గెలిచిన మూడు నెలలకే, ఏప్రిల్‌లో, ఆరు ప్రావిన్సుల్లో పథకం మొదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌కల్లా బ్యాంకాక్‌తో సహా దేశమంతా పరుచుకుంది. 2002 నవంబరులో జాతీయ ఆరోగ్య భద్రతా చట్టం వచ్చింది. ‘ముందు దేశం సంపన్నం కావాలి, ఆ తర్వాతే అందరికీ వైద్యం’ అనే వాదన మన దగ్గర ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. కానీ బ్రిటన్ తన జాతీయ ఆరోగ్య సేవను 1948 జూలైలో మొదలుపెట్టింది. యుద్ధం ముగిసి మూడేళ్లయినా అక్కడి జనం అప్పటికింకా ఆహారం కోసం రేషన్ పుస్తకాలు పట్టుకు తిరుగుతున్నారు. థాయ్‌లాండ్ కథ మనకు అంతకన్నా దగ్గరిది. అది ఆసియా దేశం, రైతుల దేశం, సగం జనాభా చిల్లర పనులతో బతికే దేశం.

ఎన్నికల నినాదం తక్సిన్‌ది గానీ, ఆలోచన ఆయనది కాదు. దాని వెనకున్న మనిషి డాక్టర్ సంగువాన్ నితయారంపోంగ్. 1973 అక్టోబరులో సైనిక పాలనపై తిరగబడిన విద్యార్థి తరానికి చెందినవాడు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో, కరువు పీడిత సిసాకెట్ ప్రావిన్సులోని రాసి సలై అనే చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేశాడు. వైద్యం కోసం పశువులను, పొలాన్ని అమ్ముకునే కుటుంబాలు ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఆరోగ్య శాఖలోకి వచ్చాక ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, అయుత్తయలో ప్రయోగాలు చేసి, తన పథకాన్ని రాజకీయ పార్టీల ముందు పెట్టాడు. పట్టించుకున్నది తక్సిన్. ఈలోగా స్వచ్ఛంద సంస్థలు కూడా అదే పనిలో పడ్డాయి. యాభై వేల మంది సంతకం చేస్తే పౌరులే బిల్లు ప్రతిపాదించవచ్చని 1997 రాజ్యాంగం చెప్పింది, ఆ సంతకాలు సేకరించారు. 2002 చట్టం కింద ఏర్పడిన జాతీయ ఆరోగ్య భద్రతా కార్యాలయానికి సంగువాన్ తొలి సెక్రటరీ జనరల్ అయ్యాడు. 2008 జనవరిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

అయితే ఒక ఎన్నిక, ఒక డాక్టరు, ఒక చట్టం కలిసినంత మాత్రాన ఊళ్లో వైద్యం పుట్టదు. అసలు పని అంతకు రెండు మూడు దశాబ్దాల ముందే జరిగింది. వైద్య పట్టా తీసుకున్నవాళ్లు కొన్నేళ్లు ప్రభుత్వ సేవలో, అదీ ఎక్కువగా పల్లెల్లో, పనిచేయాలన్న నిబంధన 1970ల తొలినాళ్లలోనే పెట్టారు. 1982 నుంచి 1986 దాకా నగరాల్లోని పెద్దాసుపత్రులకు కొత్త పెట్టుబడులు ఆపేసి, ఆ డబ్బును జిల్లా స్థాయి చిన్న ఆసుపత్రులకు మళ్లించారు. అక్కడ జిల్లా అంటే మన మండలం కన్నా కాస్త పెద్దది. అలాంటి ప్రతి జిల్లాలో ఓ ఆసుపత్రి, దాని కింద ఉప జిల్లాల్లో ఆరోగ్య కేంద్రాలు, వాటికి తోడు మన ఆశా కార్యకర్తల్లాంటి ఊరి వలంటీర్లు లక్షల్లో. రాజధానిలోని పెద్దాసుపత్రికి డబ్బు ఆపడం ఏ ప్రభుత్వానికైనా చేదు మందే. రిబ్బన్ కత్తిరించే అవకాశాలు అక్కడే ఎక్కువ కదా! ఆ చేదు మింగడం వల్లే 2001లో బంగారు కార్డు చేతికిస్తే, దాన్ని చూపించడానికి జనానికి దగ్గర్లోనే ఓ చోటు ఉంది.

ఆ పథకం గుర్తింపు పత్రాన్ని అక్కడ ‘బంగారు కార్డు’ అనే పిలుస్తారు. అది ఎవరికిస్తారన్నదే పథకంలో కీలకం. అంతకుముందు థాయ్‌లాండ్‌లోనూ మనలాగే ముక్కలు ముక్కలుగా పథకాలుండేవి. ప్రభుత్వోద్యోగులకు ఒకటి, 1990 చట్టం కింద కంపెనీ కార్మికులకు ఒకటి, 1975 నుంచి పేదలకు ఒకటి. ఇవన్నీ కలిపినా దాదాపు 30 శాతం జనం బయటే మిగిలారు. కౌలు రైతులు, తోపుడుబండ్ల వాళ్లు, టాక్సీ డ్రైవర్లు ఇందులోకే వస్తారు. ఉద్యోగం ఉన్నంత ధనికులు కారు, పేద కార్డు వచ్చేంత పేదలూ కారు. పేద కార్డు నిజంగా పేదలకే దక్కిందా అంటే అదీ అనుమానమే. 2001లో ఈ గొడవంతటినీ ఒక్క సూత్రంతో తేల్చేశారు. ఉద్యోగుల పథకంలోనో, కార్మికుల పథకంలోనో లేని ప్రతి పౌరుడూ ఇందులో ఉన్నట్టే. ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు, విచారణ లేదు, సిఫారసు లేదు. ఇప్పుడు దాదాపు నాలుగు కోట్ల డెబ్భై లక్షల మంది, అంటే జనాభాలో ముప్పాతిక వంతుకు కాస్త తక్కువ, ఈ పథకం కిందే ఉన్నారు.

మరి డబ్బు? పూర్తిగా పన్నుల నుంచే. ప్రీమియం లేదు. ఆసుపత్రులకు డబ్బు చేర్చే పద్ధతిలో తెలివి ఉంది. ప్రతి మనిషీ ఇంటికి దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి, ఆరోగ్య కేంద్రాల కూటమిలో నమోదవుతాడు. అతనికి జబ్బు చేసినా చేయకపోయినా తలకింత చొప్పున ఆ కూటమికి ఏటా సొమ్ము ముడుతుంది. 2002లో అది 1,202 బాత్‌లు. ఆపరేషన్‌కింత, స్కానింగ్‌కింత అని బిల్లు వేసే చోట ఎన్ని ఎక్కువ చేస్తే అంత ఆదాయం. తలసరి పద్ధతిలో రోగి బీపీ అదుపులో ఉండి, పక్షవాతం రాకపోతేనే ఆసుపత్రికి మిగులు. ఇన్‌పేషెంట్లకు మాత్రం జబ్బును బట్టి రేటు కట్టి, దేశం మొత్తానికీ ఒక గరిష్ఠ బడ్జెట్ పెట్టారు.

తొలి ఏళ్లలో ఇదేమీ సాఫీగా సాగలేదు. జనాభాను బట్టి డబ్బు పంచడంతో పేద ఈశాన్య ప్రాంతానికి నిధులు పెరిగాయి, డాక్టర్లు కిక్కిరిసి ఉన్న మధ్య థాయ్‌లాండ్ ఆసుపత్రులకు తగ్గాయి. అవి గగ్గోలు పెట్టాయి, లోటులో పడ్డాయి. రోగుల రద్దీ తట్టుకోలేక చాలామంది ప్రభుత్వ డాక్టర్లు రాజీనామా చేసి, విదేశీ రోగులతో కళకళలాడుతున్న ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లిపోయారు. ‘ముప్పై బాత్‌లకు ఏ రోగమైనా చావే’ అని గిట్టనివాళ్లు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో కొంత నిజం లేకపోలేదు. మొదట్లో కిడ్నీ డయాలిసిస్‌కు, హెచ్‌ఐవీ మందులకు పథకంలో చోటే లేదు.

అయినా పథకం నిలిచింది. 2006 సెప్టెంబరులో సైన్యం తక్సిన్‌ను గద్దె దించింది. ఆయన ఆనవాళ్లు చెరిపేయాలని చూసినవాళ్లు కూడా ఈ ఒక్కదాని జోలికి వెళ్లలేదు. పైగా సైనిక ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయిన డాక్టర్ మోంగ్‌కోల్ న సోంఖ్లా ఆ ముప్పై బాత్‌ల రుసుము కూడా ఎత్తేశారు. వసూలు చేసే ఖర్చుకు తగ్గ రాబడి ఎలాగూ లేదు. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు మీద పేటెంటును పక్కనపెట్టి, భారత్ నుంచి చవకైన జనరిక్ మందు తెప్పించుకున్నదీ ఆ కాలంలోనే.

ఫలితాల్లో ఒక్కటి చెప్పుకుంటే చాలు. జొనాథన్ గ్రూబర్, నథానియెల్ హెండ్రెన్, రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రావిన్సు ఎంత పేదదైతే శిశు మరణాలు అంత ఎక్కువన్న పాత లెక్క, పథకం వచ్చాక దాదాపు చెరిగిపోయిందని తేలింది. పేదల ఆసుపత్రులకు అంతకుముందు విదిలించే డబ్బు మరీ తక్కువ. అది మిగతావాళ్లతో సమానం కాగానే తల్లులు, పిల్లలు ఆసుపత్రికి రావడం పెరిగింది. జనం జేబులోంచి పెట్టే వైద్య ఖర్చు 2000 ప్రాంతంలో మొత్తంలో మూడో వంతు ఉండేది, ఇప్పుడది పదో వంతు చుట్టూ ఉంది. మన దేశంలో అదే వాటా 2013-14లో 64.2 శాతం. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22కి 39.4 శాతానికి దిగింది. దిగడం మంచిదే. కానీ వంద రూపాయల వైద్యంలో నలభై రూపాయలు ఇప్పటికీ రోగి కుటుంబమే అక్కడికక్కడ కట్టుకుంటోంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కొబ్బరి, జీడితోటల మధ్య, కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు వేలమందిని పట్టి పీడిస్తోంది. ఒకప్పుడు డయాలిసిస్ కోసం విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. తర్వాత దగ్గర్లోనే డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి, రోగులకు పింఛను వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఇవన్నీ పెద్ద ఊరటే. అయినా యంత్రం మీద చేసే హీమోడయాలిసిస్‌కు వారంలో రెండు మూడు రోజులు కేంద్రానికి పోయి గంటల తరబడి పడుకోవాల్సిందే. ఆ రోజు రోగి కూలీ పోయినట్టే, తోడు వచ్చినవాళ్లదీ పోయినట్టే.

థాయ్‌లాండ్ 2008లో డయాలిసిస్‌ను పథకంలో చేర్చినప్పుడు వేరే దారి పట్టింది. కడుపులోకి అమర్చిన గొట్టం ద్వారా ద్రవం పంపి, కొన్ని గంటలయ్యాక బయటికి తీసే పెరిటోనియల్ డయాలిసిస్‌కే మొదటి స్థానం ఇచ్చింది. ఇది రోగి ఇంట్లోనే, రోజుకు నాలుగుసార్లు, తనే చేసుకోవచ్చు. ద్రవం సంచులను ప్రభుత్వం ఒక్కచోటే భారీగా కొని, తపాలా శాఖ ద్వారా ఇళ్లకు చేర్చింది. శుభ్రత తప్పితే కడుపులో ఇన్‌ఫెక్షన్ వస్తుంది కనుక ఈ పద్ధతికీ తిప్పలున్నాయి. ఎంచుకునే అవకాశం 2022లో రోగులకే వదిలేస్తే చాలామంది యంత్రం వైపే మళ్లారు, ఖర్చూ పెరిగింది. ఉద్దానానికి ఇది అచ్చంగా సరిపోతుందా అన్నది నెఫ్రాలజిస్టులు తేల్చాలి. చూడాల్సింది వాళ్లు లెక్క వేసిన తీరు. ఒక్కో రోగికి గొప్ప వైద్యం ఏదని ఆగిపోకుండా, ఉన్న డబ్బుతో ఒక్కరినీ వదలకుండా అందించగలిగేది ఏదని అడిగారు.

మన తెలుగు రాష్ట్రాలు ఈ ప్రయాణాన్ని రెండో కొస నుంచి మొదలుపెట్టాయి. ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం, పిల్లల గుండె ఆపరేషన్ల కోసం వచ్చిపడే అర్జీల గుట్టల్లోంచి పుట్టింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టింది. తెల్లకార్డు కుటుంబం కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలగడం అప్పట్లో సామాన్యమైన మార్పు కాదు. ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. ప్రభుత్వాలు మారితే పేరు మారింది గానీ, ఎవరూ దాన్ని ఎత్తేయలేదు. 2023 డిసెంబరులో పరిమితి తెలంగాణలో పది లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో పాతిక లక్షలు అయింది.

కానీ ఆ పాతిక లక్షల్లో ఒక్క రూపాయి కూడా నెలనెలా కొనుక్కునే షుగర్ బిళ్లలకు రాదు. మంచం ఎక్కితేనే పథకం పలుకుతుంది. మనవాళ్ల సొంత ఖర్చులో పెద్ద ముక్క ఓపీ ఫీజులకు, పరీక్షలకు, మందులకే పోతుంది. పైగా బిల్లుకింత అని చెల్లించే పద్ధతితో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయన్న ఫిర్యాదులొచ్చాయి. ఇటు ప్రభుత్వం బకాయి పడినప్పుడల్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి. మధ్యలో నలిగేది స్ట్రెచర్ మీద ఉన్నవాడు. ఊరూరా తిరిగి బీపీ, షుగర్ మందులిచ్చిన 104 బండి ఈ మొత్తంలో చవకైనది, బహుశా అన్నింటికన్నా విలువైనది.

ప్రణాళికా సంఘం కోసం తెలుగువాడైన డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి నాయకత్వంలోని నిపుణుల బృందం 2011లో సరిగ్గా ఇదే చెప్పింది. వైద్యం పన్నుల డబ్బుతో నడవాలి, చికిత్స దగ్గర రుసుము ఉండకూడదు, ఆరోగ్య వ్యయంలో కనీసం 70 శాతం ప్రాథమిక వైద్యానికి పోవాలి, ప్రభుత్వ ఖర్చు 2017కల్లా జీడీపీలో రెండున్నర శాతానికి చేరాలి. 2021-22కి కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టినది 1.84 శాతం. అదీ కొవిడ్ కాలంలో.

థాయ్‌లాండ్‌కూ తీరని లెక్కలున్నాయి. ఉద్యోగుల పథకంలో మనిషికి పెట్టే ఖర్చు బంగారు కార్డుదారుడికి పెట్టేదానికి కొన్ని రెట్లు. మూడు పథకాలనూ కలపాలన్న మాట రెండు దశాబ్దాలుగా మాటగానే ఉంది. జనాభా వేగంగా ముసలిదవుతోంది. నమోదైన ఊళ్లోనే వైద్యం చేయించుకోవాలన్న నియమం వలస కూలీలకు గుదిబండ అయింది. అందుకే 2024 జనవరిలో నాలుగు ప్రావిన్సుల్లో, ఎక్కడికెళ్లినా కార్డు చెల్లే ఏర్పాటు మొదలుపెట్టారు.

ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆదాయంతో పని లేకుండా అన్ని కుటుంబాలనూ వైద్య బీమా కిందికి తేవాలని నిర్ణయించింది. తొలి రెండున్నర లక్షలు బీమా కంపెనీ ద్వారా, ఆపైన పాతిక లక్షల దాకా పేద కుటుంబాలకు ప్రభుత్వ ట్రస్టు ద్వారా. తెల్లకార్డు గీత కొంతైనా చెరిగిపోవడం చిన్న విషయమేమీ కాదు, ‘అందరికీ’ అన్న మాటలో సగం అక్కడ తీరుతుంది. రెండో సగం పీహెచ్‌సీ దగ్గర తీరాలి. అక్కడ డాక్టరు కుర్చీలో ఉండాలి, మందుల గదిలో మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ నెలాఖరుకు కూడా నిండుకోకుండా ఉండాలి. బీమా కంపెనీకి కట్టే ప్రీమియంలో ఈ ఖర్చుకు పద్దు లేదు.