వెదురుపనికి త్రాడు, కట్టు

గత వార్షికోత్సవమునకు మన పాఠశాల యేడవ తరగతి విద్యార్థులు, తాము వ్రాసిన చిత్రములను వ్రేలాడదీయుటకై వెదురు బొంగులతో ఒక చట్రమును నిర్మించిరి. ఉదయమున అది చక్కగనే నిలిచెను. మధ్యాహ్నమునకు అడ్డుబొంగు ఒకటి జారి చిత్రములన్నియు నేలపై బడెను. ఎవరికిని దెబ్బ తగులలేదు గాని పిల్లలు మిక్కిలి చిన్నబోయిరి. తప్పు వారిది కాదు. నునుపైన నైలాన్ త్రాడును కొని యిచ్చినవాడను నేనే.

మరునాడు ఆ తరగతిలోని యొక బాలుని తాతగారు వచ్చి ఆ కట్టును పరీక్షించిరి. వారు జీవితమంతయు వెదురుపనిలో గడపినవారు. "తాడు తెగలేదు పంతులుగారూ, జారింది. తెగని తాడు వేరు, పట్టున్న తాడు వేరు" అనిరి. సెలవులలో మీ పిల్లలు ఇంటివద్ద వెదురుతో ఏదేని చేయబూనినప్పుడు ఉపకరించునని, ఆ మాటలోని భావమును ఇచ్చట వివరించుచున్నాను.

వెదురు చెట్టు కాదు. గడ్డిజాతికి చెందిన మొక్క. దాని నారలన్నియు నిలువునకే సాగియుండును. కావున మేకు కొట్టినచో బొంగు నార వెంబడి చీలిపోవును. వెదురును మేకుతో గాక త్రాటితో కలుపుటకు కారణమిదియే. పచ్చి వెదురు ఆరినకొలది సన్నగిల్లును. నేడు బిగించిన కట్టు కొన్ని వారములకు వదులగును. అందుచే బాగుగా ఆరిన బొంగులనే తీసికొనవలెను. వీలైనచోట కణుపును ఆనుకొని కట్టినచో, ఆ కణుపే త్రాటిని జారనీయక అడ్డుపడును.

ఇక త్రాళ్ళు. చిన్న వస్తువులకు పురికొస శ్రేష్ఠము. జనపనార గరుకుగా నుండి వెదురు నునుపుపై పట్టు నిలుపును. పిల్లల చేతికి సులభముగా లొంగును. అయితే తేమలో త్వరగా చివుకును. మన గోగునార కూడ ఇట్టిదే. భీమునిపట్టణపు పేరుమీదుగా వర్తకులు దానిని 'బిమ్లీ' నార యనిరి. ఆరుబయట పందిరికి, తోటలోని తీగల ఊతమునకు కొబ్బరిపీచు త్రాడు తగును. అది తడికి చాలకాలము ఓర్చును. బుట్ట అంచులకు వెదురు ఈనెలను గాని, పేము చీలికలను గాని నీటిలో నానబెట్టి మెత్తబడిన పిదప చుట్టుట మేలు. నైలాన్ బలమైనదే కాని నునుపు. బరువు పడినప్పుడు సాగును. దానినే వాడవలసివచ్చినచో చుట్లు, ముడులు హెచ్చుగా వేయవలెను. ప్లాస్టిక్ త్రాళ్ళలో పెక్కు ఎండకు పెళుసై తునిగిపోవును.

కట్టు ముడి వలన నిలుచునని పలువురు తలంతురు. ముడి కొనను విడిపోనీయదు, అంతమాత్రమే. బొంగులను పట్టియుంచునది చుట్ల బిగువు. నిలువు బొంగుపై అడ్డుబొంగును కట్టు విధమిది: అడ్డుబొంగునకు కొంచెము దిగువగా, నిలువు బొంగునకు త్రాటి కొనను ముడివేయుడు. త్రాటిని అడ్డుబొంగు ముందునుండి పైకి, నిలువు బొంగు వెనుకనుండి రెండవ ప్రక్కకు, అడ్డుబొంగు ముందునుండి క్రిందికి, మరల నిలువు బొంగు వెనుకకు త్రిప్పుడు. ఇట్లు 3 మారులు, ప్రతి చుట్టును లాగి బిగించుచు, ఒకదానిపై నొకటి పడకుండ ప్రక్కప్రక్కనే చుట్టవలెను. పిమ్మట త్రాటిని రెండు బొంగుల నడుమగా దూర్చి, వేసిన చుట్లనే నొక్కునట్లు 2 లేక 3 చుట్లు వేసి గట్టిగా లాగవలెను. ఈ నడిమి చుట్లే కట్టునకు ప్రాణము. మా చట్రమునకు ఇవి లేకపోయెను. చివరకు అడ్డుబొంగుపై ముడి వేయుడు.

నలుచదరపు చట్రము కట్టు ఎంత గట్టిదైనను ప్రక్కకు ఒరుగును. మూలనుండి మూలకు ఏటవాలుగ నొక బొంగును చేర్చినచో త్రికోణములేర్పడి స్థిరపడును. రెండు బొంగులు ఏటవాలుగ కలియుచోట మొదట రెంటిని చేర్చి ముడివేసి, ఒక వాలున 3 చుట్లు, ఎదురు వాలున 3 చుట్లు, ఆపై నడిమి చుట్లు వేయవలెను. బాలభటుల లెక్క ప్రకారము రెండు బొంగుల లావు కలిపి ఎన్ని అంగుళములో, సుమారు అన్ని గజముల త్రాడు కావలెను. అనగా అంగుళము లావు బొంగులు రెంటికి 2 గజములు.

కట్టు పూర్తియైన పిదప పిల్లవానిచే దానిని ఊపి చూడనిండు. కదలినచో విప్పించి మరల కట్టించుడు. మీరు కట్టి యీయకుడు. నులక మంచమును ఎప్పటికప్పుడు బిగించినట్లే, తడిసి ఆరిన కట్లను కూడ సరిచూచుచుండవలెను.

ఒక్క మాట. ఇచ్చటి అంగడిలో 'కయిరు' అని అడిగి తెచ్చు మన పిల్లలకు పురికొస, నులక, కణుపు, బద్ద, ఈనె యను మాటలు చేతిపనితోగాని రావు. ఆ తాతగారు పిమ్మట మూడు శనివారములు వచ్చి తరగతికి పని నేర్పిరి. తన యింటి వృత్తిని ఎన్నడును చెప్పుకొనని ఆ బాలుడు, మూడవ శనివారమున తాతగారి ప్రక్కన నిలిచి ఇతరులకు చుట్లు చూపెను. ఇట్టి పని తెలిసిన పెద్దలు మీలో ఎవరున్నను పాఠశాలకు దయచేయ ప్రార్థన. ఈ యేటి చట్రమునకు పురికొసను పిల్లలే కొని తెచ్చియున్నారు.