పప్పు మానేస్తే గౌట్ తగ్గుతుందా?

కీళ్ళ నొప్పి అనగానే 'వయసైపోయింది, వాతం చేసింది' అని సరిపెట్టుకోవడం మనకి అలవాటు. కానీ అర్ధరాత్రి ఉన్నట్టుండి కాలి బొటనవేలి మొదట్లో పోటు మొదలై, తెల్లారేసరికి ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతున్నట్టు ఉంటే మాత్రం అది గౌట్ కావచ్చు.

మా అత్తగారికి అరవై దాటాక ఇది వచ్చింది. "తాగే మగాళ్ళకి వచ్చే జబ్బట, నాకెందుకొచ్చిందే?" అని ఆవిడ బాధ. దీనికి కారణం ఉంది. ఈస్ట్రోజన్ హార్మోను ఉన్నన్నాళ్ళూ మన మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ని బాగానే బయటికి పంపిస్తాయి. నెలసరి ఆగిపోయాక ఆ రక్షణ తగ్గిపోతుంది. అధిక బరువు, కిడ్నీల బలహీనత, బీపీకి వాడే కొన్ని నీరు తీసే మాత్రలు తోడైతే రక్తంలో యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది. అది డెసిలీటరుకి సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్ళలో చేరవచ్చు. అంత నొప్పీ వాటివల్లే.

పప్పు చేసిన పాపమేమిటి?

ఇరుగుపొరుగు సలహాలు విని అత్తగారు కందిపప్పు, పాలకూర, టమాటా అన్నీ మానేశారు. అన్నంలోకి ఏదో ఒకటి కావాలిగా! ఎండు నెత్తళ్ళ వేపుడు మాత్రం రోజూ పొయ్యెక్కేది. దాహమేస్తే షర్బత్తు. రెండు నెలల్లో మనిషి నీరసించిపోయి మెట్లెక్కలేని స్థితికి వచ్చారు. నొప్పి మాత్రం మళ్ళీ వచ్చింది.

అమెరికాలో 47,150 మంది మగవాళ్ళను 12 ఏళ్ళపాటు గమనించి, 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. మాంసం, చేపలు, రొయ్యల్లాంటివి ఎక్కువగా తిన్నవాళ్ళలో గౌట్ ఎక్కువగా కనిపించింది. ప్యూరిన్లు ఉన్నా సరే, పప్పులు, పాలకూర లాంటివి తిన్నవాళ్ళలో ఆ ముప్పు పెరగలేదు. వెన్న తక్కువగా ఉన్న పాలపదార్థాలు తీసుకున్నవాళ్ళలోనైతే తక్కువే ఉంది. అంటే పప్పు గిన్నె దించనక్కర్లేదు. తగ్గించాల్సినవి లివరు, కిడ్నీ, మెదడు లాంటివి, నెత్తళ్ళు, రొయ్యలు, ఎండుచేపలు, కూల్‌డ్రింకులు, తీపి షర్బత్తులు. మద్యం, ముఖ్యంగా బీరు, ముట్టకపోవడమే మేలు.

ఇంట్లో చేయగలిగినవి

* రోజంతా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టర్ని అడగాలి.
* వెన్న తీసిన మజ్జిగ, పెరుగు రోజూ తీసుకోవచ్చు. జామ, ఉసిరి, నిమ్మలో ఉండే విటమిన్ సి కొద్దిగా సాయపడవచ్చు.
* బరువు తగ్గాలి, అదీ నెమ్మదిగా. నీళ్ళు కూడా ముట్టని కటిక ఉపవాసాలు యూరిక్ యాసిడ్‌ని పెంచి నొప్పిని రేపుతాయి.
* నొప్పి వచ్చినప్పుడు కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలతో పది, పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి. ఆ సమయంలో నూనె రాసి మర్దన చేయకండి.

వంటింటికీ హద్దుంది

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. తిండి మార్పులతో యూరిక్ యాసిడ్ తగ్గేది మామూలుగా ఒక మిల్లీగ్రాము దాకానే. ఏడాదికి రెండు, మూడుసార్లు నొప్పి వస్తున్నా, కీళ్ళ దగ్గర గడ్డలు కట్టినా, కిడ్నీలో రాళ్ళున్నా మందులు వాడి దాన్ని 6 కంటే తక్కువకి తేవాల్సిందే. బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మార్చడానికి వీలుందేమో డాక్టర్ని అడగండి.

ఆకుమందు కాబట్టి హాని లేదనుకోవడమూ పొరపాటే. గౌట్‌కి డాక్టర్లు కొలిచి ఇచ్చే కాల్చిసిన్ అనే మందు, మన అడవినాభి దుంపలోనూ ఉంటుంది. కొలత లేకుండా తింటే అది విషం.

నొప్పిగా ఉన్న రోజుల్లో రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. అలాంటప్పుడు నొప్పి తగ్గిన రెండు, మూడు వారాల తర్వాత మళ్ళీ చేయించండి. కీలు వాపుతో పాటు జ్వరం కూడా ఉంటే చిట్కాలతో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.