ఉపగ్రహ వర్షపాత అంచనాలను వర్షమాపకంతో సరిచూడటం

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్ సింగరేణి మందమర్రి ఏరియాలోని బొగ్గు ఊరు. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ గనిని ఊహించుకోండి. ఒక చదరపు కిలోమీటరు గుంతలో ఒక మిల్లీమీటరు వాన పడిందంటే పది లక్షల లీటర్ల నీరు చేరినట్లు. ఆ నీటిని తోడితేగాని బొగ్గు కదలదు. అందుచేత ఎంత వాన పడిందన్న లెక్కలో పొరపాటు ఇక్కడ పంపుల మీద, షిఫ్టుల మీద పడుతుంది.

వర్షమాపకం వానను నేరుగా పట్టి కొలుస్తుంది. ఉపగ్రహం అలా కొలవదు. ఇన్సాట్-3డి వంటి భూస్థిర ఉపగ్రహం పరారుణ కిరణాలతో మేఘం పైభాగపు ఉష్ణోగ్రతను చూసి, దాని నుంచి వానను ఊహిస్తుంది. పైభాగం బాగా చల్లగా ఉన్న మేఘాలన్నీ కురవవు. కురిసేవన్నీ అంత చల్లగా ఉండవు. సూక్ష్మతరంగ పరికరాలు మేఘం లోపలి నీటిని, మంచును మరింత నేరుగా గుర్తిస్తాయి గాని, వాటిని మోసే ఉపగ్రహాలు ఒక చోటి మీదే నిలిచి ఉండవు. 2014లో ప్రయోగించిన జీపీఎం ఉపగ్రహం ఆధారంగా తయారయ్యే ఐమెర్గ్ సమాచారం ఈ రెండింటినీ కలిపి, ప్రతి అరగంటకు 0.1 డిగ్రీ గడికి ఒక విలువ ఇస్తుంది.

ఆ గడి మన ప్రాంతంలో సుమారు 117 చదరపు కిలోమీటర్లు. మాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, గడి దానికి ఐదు వందల కోట్ల రెట్ల కంటే పెద్దది. వేసవి ఉరుముల వాన మందమర్రిలో కురిసి రామకృష్ణాపూర్‌ను వదిలేయవచ్చు. అప్పుడు రెండు అంకెలూ తేడాగా ఉన్నా, ఏదీ తప్పు కాకపోవచ్చు. వీలైతే గడిలోని అన్ని మాపకాల సగటుతో పోల్చండి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది తేదీ దగ్గర. భారత వాతావరణ శాఖ వర్షపు రోజు ఉదయం 8.30కి ముగుస్తుంది; జూలై 20 నమోదు అంటే 19 ఉదయం 8.30 నుంచి 20 ఉదయం 8.30 వరకు. ఐమెర్గ్ రోజువారీ ఫైలు జూలై 20 అంటే మన కాలమానంలో 20 ఉదయం 5.30 నుంచి 21 ఉదయం 5.30 వరకు. ఒకే తేదీ రాసి ఉన్నా రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మూడు గంటలే! కాబట్టి 8.30 నుంచి 8.30 వరకు 48 అరగంట విలువలను మీరే కూడుకోండి.

ఇప్పుడు ఊహించిన ఐదు రోజుల అంకెలు చూడండి. మాపకం: 0, 12, 80, 0, 8 మి.మీ. ఉపగ్రహం: 6, 14, 50, 4, 26 మి.మీ. రెండు మొత్తాలూ 100; సగటు దోషం సున్నా. ఇంత చక్కగా కుదిరిందని సంతోషించకండి. 2.5 మి.మీ. దాటితే వాన రోజు అనుకుంటే, ఉపగ్రహం మూడు వాన రోజులనూ పట్టింది, కాని చెప్పిన ఐదింటిలో రెండు తప్పుడు హెచ్చరికలు. భారీ వర్షానికి వాతావరణ శాఖ పెట్టిన 64.5 మి.మీ. హద్దుతో చూస్తే, ఉన్న ఒక్క భారీ వర్షాన్నీ అది వదిలేసింది. మూడో రోజు తేడా 30 మి.మీ.; పై గుంతలో అది మూడు కోట్ల లీటర్లు.

మాపకాన్ని కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. గాలి చినుకులను పక్కకు నెడుతుంది, చెట్టు అడ్డు వస్తుంది, బొగ్గు దుమ్ము గరాటును పూడుస్తుంది. చుట్టుపక్కల కేంద్రాలన్నీ తడిసిన రోజున ఒక్కచోట సున్నా ఉంటే, ముందు ఆ మాపకాన్నే అనుమానించండి. మరొక సంగతి: ఐమెర్గ్ తుది రూపాన్ని నెలసరి మాపక విలువలతో ముందే సవరిస్తారు. అవే కేంద్రాలతో దాన్ని పరీక్షించడం, జవాబులు చూసి రాసిన పరీక్షకు మార్కులు వేయడం లాంటిది. సవరణలో వాడని కేంద్రాలను ఎంచుకోండి.

అభ్యాసం: పై అంకెలలో ప్రతి రోజు తేడాను, గుర్తు వదిలేసి, సగటు కట్టండి. 12 మి.మీ. వస్తుంది. సగటు దోషం సున్నాగా ఉన్నప్పుడు ఇది ఎందుకు సున్నా కాలేదో రెండు వాక్యాలలో రాయండి.